గ్రేవీ లేదు, టీ లేదు

ఇప్పుడు కెనడాలో దిగుతున్న మన పిల్లల్ని చూస్తే నాకు ముచ్చటేస్తుంది. దాచుకోవడమెందుకు, కాస్త కుళ్లుగా కూడా ఉంటుంది. విమానం దిగిన నాలుగు రోజులకే కాఫీ లైన్లో నిలబడి ఇక్కడివాళ్లతో జోకులేస్తుంటారు. ఏ మాటకి నవ్వాలో, ఏ మాట విననట్టు ఊరుకోవాలో ఎవరో నేర్పించి పంపినట్టే ఉంటారు. మా రోజుల్లో అలా కాదు (మా రోజులంటే మరీ రాతియుగం అనుకునేరు, చేతుల్లో స్మార్ట్‌ఫోన్లు ఉన్నాయి, కాకపోతే అందరివీ అద్దం పగిలినవే). మాకు ఇంగ్లీషు వచ్చనుకుని వచ్చాం. పరీక్షలో మంచి స్కోరు తెచ్చుకుని, ఆ కాగితం వీసా ఫైల్లో పెట్టుకుని మరీ వచ్చాం. కానీ ఒక మనిషి "టెరిబుల్" అంటూ ఎదురుగా నిలబడితే, మాట వినాలా, మొహం చూడాలా అన్నది ఆ పరీక్షలో అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న మాకు రాకపోవడం వల్ల మా తెనాలక్క పాట ఆగిపోయింది. ఆ సంగతి చెబుదామనే కూర్చున్నాను. నవ్వొచ్చిన చోట నవ్వండి, నేనేమీ అనుకోను. నేనూ చాలావరకు నవ్వుతూనే చెప్తాను, చివర్లో మాత్రం నావల్ల కాదు.

నేను కరీంనగర్ నుంచి వచ్చి చేరింది కేంబ్రిడ్జ్‌లో. ఆ పేరు చెవిన పడగానే మా మేనత్త వాడకట్టంతా స్వీట్లు పంచింది. ఆవిడ అనుకుంటున్నది ఇంగ్లండ్‌లో ఉన్న కేంబ్రిడ్జ్ అని, మాది ఒంటారియోలో గోదాములూ ఫ్యాక్టరీలూ ఉన్న కేంబ్రిడ్జ్ అని ఆవిడకి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఒకరోజు వీడియో కాల్లో నా వెనకాల లారీలూ అట్టపెట్టెల గుట్టలూ చూసి, "యూనివర్సిటీ గిట్లుంటదా బిడ్డా" అని అడిగింది. ఉంటదన్నాను. కాలేజీ ఉన్న రోజు కాలేజీ, లేని రోజు గోదాములో ప్యాకింగ్ పని. ఉండేది ఒక బేస్‌మెంట్‌లో, మరో ముగ్గురు అమ్మాయిలతో. ఆ ముగ్గురిలో పెద్దది తెనాలక్క. తెనాలిలో ఫార్మసీ చదివి, కొన్నాళ్లు ఉద్యోగం కూడా చేసి వచ్చింది కాబట్టి మాకందరికీ అక్క. నన్ను మాత్రం పేరు పెట్టి పిలిచేది కాదు, "ఏమే కరీంనగరూ" అనేది.

అందరం సూట్‌కేసుల్లో ఆవకాయ తెచ్చుకుంటే తెనాలక్క హార్మోనియం తెచ్చుకుంది. చుట్టూ చీరలు చుట్టి, మధ్యలో దాన్ని పసిబిడ్డని పడుకోబెట్టినట్టు పెట్టుకొచ్చింది. ఎయిర్‌పోర్టులో ఆఫీసరు ఇదేమిటని అడిగితే "హార్మోనియం" అందట. ఆయన అదేదో మందు పేరనుకున్నాడు. నువ్వేం చదివావని అడిగితే ఈవిడ గర్వంగా ఫార్మసీ అంది. దాంతో పక్కగదిలో ఇంకాస్త సేపు కూర్చోబెట్టారు. చివరికి పెట్టె తెరిచి, తిత్తి ఊది, ఓ పద్యం పాడి వినిపిస్తే గానీ వదల్లేదట (ఆ పద్యం చివర రాగం ఎంతసేపు తీసిందంటే, ఆఫీసరే దయచేసి వెళ్లమ్మా అన్నాడని ఆవిడ చెప్పేది, అందులో ఎంత నిజమో నాకు తెలీదు). ఆ పెట్టె వాళ్ల నాన్నగారిది. ఆయన నాటకాల కంపెనీలో హార్మోనిస్టు. పద్యం నచ్చితే జనం వన్స్ మోర్ అని అరుస్తారు, నచ్చకపోతే ఊళలు వేస్తారు, ఇంకా మండితే చేతికందింది విసురుతారు. ఒకసారి ఏదో ఊళ్లో అలా విసిరింది సూటిగా వచ్చి హార్మోనియం మీద పడిందట. ఆయన భుజం మీద కండువా తీసి పెట్టెకి కప్పి, దిగి వచ్చేశారు. పెట్టె మీద వస్తువు పడిన ఊళ్లో మళ్లీ పెట్టె తెరవకూడదని ఆయన నియమం. ఎంత డబ్బిస్తామన్నా ఆ ఊరికి మళ్లీ పోలేదు. తెనాలక్క ఇది నవ్వుతూనే చెప్పేది గానీ, చెప్తున్నంతసేపూ ఒక చెయ్యి పెట్టె మీదే ఉండేది.

ఇక ఆవిడ విద్య ఏమిటంటే, ఏ మాటలైనా ఏ వరసలోనైనా ఇరికించి పాడేయడం. బస్సు టైమింగులు పద్యంలా చదివేది. సూపర్‌వైజరు చెప్పిన సేఫ్టీ జాగ్రత్తలన్నీ మంగళహారతి చేసి వంటింట్లో కర్పూరం లేకుండానే ఇచ్చేది. స్మోక్ డిటెక్టర్ బ్యాటరీ అయిపోయి కీచుకీచుమంటుంటే, కొత్త బ్యాటరీ వేయనివ్వకుండా దాన్నే శ్రుతి పెట్టుకుని పాడింది. చలికి ముక్కులు ఎర్రబడి, చేతులు పగిలి, పెట్టెలు మోసి నడుములు విరిగి ఇంటికొచ్చిన ఆడపిల్లలం ఆవిడ పాడుతుంటే నేలమీద పడి నవ్వేవాళ్లం. పైన ఉండే ఓనరు పంజాబీ ఆంటీ మొదట్లో కాలితో నేల తన్నేది, ఆ తర్వాత తానే మెట్లు దిగి వచ్చి కూర్చునేది.

తెనాలక్కా నేనూ పనిచేసే గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ఒక కెనడా పెద్దాయన ఉండేవాడు. బొడ్డు దాకా తెల్లగడ్డం. మేం గడ్డం బాబాయి అనేవాళ్లం (మా ఇద్దరి మధ్యనే). ఒకరోజు లంచ్ టైములో తెనాలక్క క్యాంటీన్ కౌంటర్ దగ్గర బంగాళదుంప వేపుడు మీద గ్రేవీ అడిగితే, సారీ, ఇవాళ లేదన్నారు. సరే టీ ఇవ్వమంటే, సారీ, మెషీన్ పాడైందన్నారు. అక్క ఖాళీ కప్పు పట్టుకుని వచ్చి నా ఎదురుగా కూలబడి, "నో గ్రేవీ, నో టీ. గ్రేవీ-టీ లేకపోతే మనిషి గాల్లో తేలక ఏం చేస్తాడే. చూడు, తేలిపోతున్నాను" అంది. మా ఇద్దరికీ ఇంటర్‌లో ఫిజిక్స్ చెప్పిన సార్లు వేరే ఊళ్లవాళ్లే గానీ, ఇద్దరూ గ్రావిటీని గ్రేవిటీ అనే అనేవాళ్లు. కాబట్టి ఆ మాట మా నోట్లో దానంతటదే అలా కుదిరిపోయింది. పక్క టేబుల్ దగ్గర గడ్డం బాబాయి ఫోర్కు కింద పెట్టి, మమ్మల్ని అదోలా చూసి, లేచి వెళ్లిపోయాడు. ఏం తప్పు మాట్లాడామో అని మేం బిక్కచచ్చిపోయాం. కాసేపటికి రంగురంగుల కాగితమొకటి పట్టుకొచ్చి మా ముందు పెట్టాడు.

మిస్సిసాగాలో ఎయిర్‌పోర్టు దగ్గరి హోటల్లో సైన్స్ ఫిక్షన్ అభిమానులు ఏడాదికోసారి కలుసుకుంటారట. రోబోలు, వేరే గ్రహాలవాళ్లు, అంతరిక్షంలో తిరిగే ఓడలు, ఆ కథలంటే ప్రాణం పెట్టే జనం. అందులో ఒక మధ్యాహ్నం పాటల సభ ఉంటుంది. అందరికీ తెలిసిన పాట వరస తీసుకుని, దానికి రోబోల మాటలు కట్టి నవ్వించాలి. "భజన గోష్ఠేనే ఇది, దేవుళ్లు వేరు అంతే" అని తెనాలక్క వెంటనే పట్టేసింది. అక్కడ బాగా పాడితే మాంట్రియల్‌లో జరిగే పెద్ద సభకి పిలుస్తారని, ఒక సాయంత్రం మొత్తం మీకే ఇస్తారని గడ్డం బాబాయి చెప్పాడు. ఆ మాట విన్నాక అక్క మనిషి మారిపోయింది. అంతవరకు మమ్మల్ని నవ్వించడానికి పాడేది. ఇప్పుడు సాధన మొదలుపెట్టింది. పంజాబీ ఆంటీ మనవడు రోజూ పాడే ఇంగ్లీషు పిల్లల పాట వరస తీసుకుంది, అది తెలియని మనిషి ఈ దేశంలో ఉండడు కదా అని. దానికి నేను ఇంగ్లీషు మాటలు రాశాను. (నా ఇంగ్లీషు గురించి ముందే చెప్పాను.) అంతరిక్ష ఓడలో వంటవాడి కథ. మొదట గ్రేవీ అయిపోతుంది, ఆ తర్వాత టీ అయిపోతుంది, కెప్టెన్ గాల్లో తేలుతూ వచ్చి ఏమైందిరా అంటే, అప్పుడు ఆ మాట. ఆ మాట దగ్గర తెనాలక్క పిల్లల పాటని వదిలేసి నాటకం పద్యంలోకి దూకి, గ్రేవీ-టీ-ఈ-ఈ అని రాగం తీసేది. ఇన్నిసార్లు విన్న నాకే ప్రతిసారీ పొట్ట పట్టుకోవాల్సి వచ్చేది. నాన్నగారికి ఫోన్ చేసి చెప్పింది. "పెట్టె దేశం దాటింది, ఇప్పుడు భూమి కూడా దాటిస్తున్నావా అమ్మా" అని ఆయన అటువైపు నుంచి నవ్వడం స్పీకర్లో మాకూ వినిపించింది.

ఇక్కడ ఒక్క సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాత మేం చేసినదానికి మమ్మల్ని ఒట్టి వెర్రివాళ్లనుకుంటారు. కెనడావాళ్లు ఎవరినీ మొహం మీద ఒక్క మాట అనరని మేం అప్పటికే బాగా నేర్చుకున్నాం. తలుపు తగిలితే తలుపుకి సారీ చెప్పే మనుషులు. కాలేజీలో నా ప్రాజెక్టు చూసి ప్రొఫెసర్ "ఇంట్రెస్టింగ్" అంటే పొంగిపోయాను, తీరా వచ్చిన మార్కులు చూస్తే ఆ మాటకి అర్థం తెలిసింది. ఆ తర్వాత తెనాలక్కా నేనూ కలిసి ఓ లెక్క కట్టుకున్నాం. ఇంట్రెస్టింగ్ అంటే బాగోలేదు. నైస్ అంటే ఫరవాలేదు, వెళ్లిరండి. నాట్ బ్యాడ్ అంటే బ్రహ్మాండం. అంత మెత్తగా మాట్లాడే జాతి నోరు తెరిచి బాగోలేదంటే, అది ఎంత ఘోరమై ఉండాలి. ఈ లెక్కలో తప్పేమీ లేదని ఇప్పటికీ అంటాను. కాకపోతే కొన్నిచోట్ల అది పనిచేయదని మాకెవరూ చెప్పలేదు.

ఆ రోజు గడ్డం బాబాయి తన ట్రక్కులో మమ్మల్ని తీసుకెళ్లాడు. స్టేజీ అంటే పట్టుచీర అన్నది మా ఇద్దరికీ పుట్టుకతో తెలిసిన విషయం. బొట్టూ కాటుకా, జడలో ప్లాస్టిక్ మల్లెపూలూ, పైన వింటర్ జాకెట్లూ. హోటల్ లోపలికి అడుగుపెడితే ఒంటినిండా వెండిరంగు పూసుకున్నవాడొకడు, నుదుటన మూడో కన్ను అతికించుకున్న ముసలావిడ ఒకరు, నడిచే చెత్తడబ్బాలా ఉన్న రోబో ఒకటి. ఆ రోబో మా చీరల జరీ చూసి గౌరవంగా పక్కకి తప్పుకుంది. మూడో కన్ను ఆవిడ మా చుట్టూ ఒకసారి తిరిగి, అద్భుతంగా ఉంది, మీరు ఏ గ్రహం అని అడిగింది. తెనాలక్క తడుముకోకుండా "తెనాలి" అంది. ఆవిడ తల పంకించి, అయ్యో, ఆ పుస్తకం నేనింకా చదవలేదు, చదువుతాను అంది. మేం బాత్రూంలో దూరి, ఒకళ్ల భుజం మీద ఒకళ్లు వాలిపోయి, కాటుక కారేదాకా నవ్వుకున్నాం. అక్కని అంత సంతోషంగా నేను అంతకుముందు చూడలేదు. చెప్పాలంటే తర్వాత కూడా చూడలేదు.

మాకన్నా ముందు గిటార్లతో కొందరు పాడారు. జనం హాయిగా నవ్వి చప్పట్లు కొట్టారు. మా వంతు వచ్చింది. అక్క స్టేజీ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, పెట్టెకి దండం పెట్టుకుని తిత్తి తీసింది. నేను పక్కన తాళాలు. పిల్లల పాట వరస వినగానే హాలంతా మొహాలు వెలిగాయి. వంటవాడు వచ్చాడు, నవ్వారు. గ్రేవీ అయిపోయింది, నవ్వారు. టీ అయిపోయింది, ఏం రాబోతోందో కొందరికి అనుమానం వచ్చినట్టుంది, ముందు వరసలో ఒకాయన వద్దు వద్దు అన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు. కెప్టెన్ తేలుతూ వచ్చాడు. అక్క కళ్లు మూసుకుని, గొంతెత్తి, "నో గ్రేవీ, నో టీ" అని ఆగి, "నో గ్రేవీ-టీ-ఈ-ఈ" అని రాగం అందుకుంది.

హాలంతా మూలిగింది. చప్పట్లు కాదు, నవ్వు కాదు. కడుపునొప్పి వచ్చినవాళ్లు మూలిగినట్టు అందరూ ఒక్కసారిగా "ఊఁ..." అని మూలిగారు. కొందరు తల రెండు చేతుల్లో పట్టుకున్నారు. వెండిరంగువాడు కుర్చీలోంచి జారి నేలమీద పడ్డాడు. అక్క రాగం తీసేకొద్దీ మూలుగు పెరుగుతోంది. ఎవరో పేపర్ నాప్కిన్ ఉండచుట్టి విసిరారు, అది చూసి ఇంకొకరు, ఆపైన ఇంకొందరు. ఒక ఉండ వచ్చి సరిగ్గా హార్మోనియం మెట్ల మీద పడింది. పాట సగంలో ఆగింది. అక్క ఆ కాగితం ఉండని తీసి పక్కన పెట్టి, పట్టుచీర కొంగు పూర్తిగా లాగి పెట్టెకి కప్పింది. కప్పి, ఎత్తుకుని, దిగిపోయింది. మేం సిద్ధం చేసుకున్న రెండో పాట రోబో అప్పగింతల పాట, దాన్ని ఇంతవరకు మా బేస్‌మెంట్ గోడలు తప్ప ఎవరూ వినలేదు.

నేను తాళాలు పట్టుకుని వెనకాల పరుగెత్తాను. కారిడార్లో గడ్డం బాబాయి మమ్మల్ని అందుకున్నాడు. ఆయన కళ్లనిండా నీళ్లు, గడ్డం మీదికి కారుతున్నాయి. మమ్మల్ని పిలిచినందుకు తన పరువు పోయిందని ఏడుస్తున్నాడనుకున్నాం. "దట్ వాజ్ టెరిబుల్," అన్నాడు రొప్పుతూ. "అబ్సొల్యూట్‌లీ టెరిబుల్." అక్క తల వంచుకుని "సారీ" అంది. ఆయన వేలు చూపించి, "యూ షుడ్ బీ" అన్నాడు. సారీ అంటే నో నో అనాల్సిన దేశంలో, అవును, నువ్వు సారీ చెప్పాల్సిందే అన్న మొదటి మనిషి ఆయన. లోపల్నుంచి ఎవరో పిలిస్తే, ఉండండి, ఇప్పుడే వస్తానని వెళ్లాడు. మేం ఉండలేదు. జాకెట్లు వేసుకుని బస్సెక్కేశాం.

ఆ బస్సులో అక్క ఏడవలేదు. పెట్టె ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి మంచుకుప్పలు చూస్తూ కూర్చుంది. ఏదో ఒకటి అనాలి కదా అని, "పోనీలే అక్కా, వేరే ఊళ్లో పాడదాం" అన్నాను. "పెట్టె మీద పడింది కదే," అంది. "అదే, ఈ ఊళ్లో వద్దు, ఇంకో ఊళ్లో" అన్నాను. "అక్కడికి వచ్చినవాళ్లు ఒక్క ఊరివాళ్లా, దేశం మొత్తంవాళ్లు కదా. ఇది ఊరు కాదే కరీంనగరూ, దేశం" అంది. ఆ వారం నాన్నగారు ఫోన్ చేసి ఎలా జరిగిందమ్మా అంటే, పెట్టె మీద పడింది నాన్నా అని ఒక్క మాట చెప్పింది. ఆయన వివరం అడగలేదు. మూసెయ్ అమ్మా అన్నారు.

ఆ తర్వాత గడ్డం బాబాయి క్యాంటీన్లో ఒకసారి మా టేబుల్ దగ్గరికొచ్చి, మళ్లీ అలాంటి ఘోరం ఎప్పుడు చేస్తున్నారని నవ్వుతూ అడిగాడు. పుండు మీద కారం చల్లడానికి వచ్చాడనుకుని నేను ట్రే తీసుకుని లేచాను, అక్క కూడా లేచింది. ఆయన మొహం చిన్నబోయింది. ఇంకెప్పుడూ మా టేబుల్ దగ్గరికి రాలేదు, దూరం నుంచే తల ఊపి వెళ్లిపోయేవాడు. మమ్మల్ని ఇబ్బంది పెట్టకూడదని ఆయన, ఆయన పరువు ఇంకా తీయకూడదని మేం, రెండువైపులా కెనడా మర్యాదే పాటించాం. కోర్సు అయ్యాక అక్కకి మాంట్రియల్‌లో ఒక మందుల కంపెనీలో ఉద్యోగం దొరికింది. ఏ ఊరికి పాడటానికి పోవాలనుకుందో ఆ ఊరికే మాత్రల క్వాలిటీ చూడటానికి పోయింది. బేస్‌మెంట్‌లో మేం స్మోక్ డిటెక్టర్‌కి కొత్త బ్యాటరీ వేసుకున్నాం.

నేను ఇక్కడే స్థిరపడటానికి పీఆర్ వచ్చాక మిస్సిసాగా చేరాను, ఐటీలో పడ్డాను, పెళ్లయింది, ఒక పిల్ల. నేను తెలుగులో అడిగితే అది ఇంగ్లీషులో చెప్తుంది, ఇద్దరికీ అలవాటైపోయింది. అది ఇప్పుడు నాలుగో తరగతి. శుక్రవారం శుక్రవారం క్లాసులో ఒకరు జోకు చెప్పాలట. మొన్నొక శుక్రవారం దాన్ని స్కూల్లో ఎక్కించుకుని ఫోర్ ఓ వన్ హైవే మీద వస్తున్నాను. "మా టీచర్‌కి నిద్ర ఎందుకు రాదో తెలుసా, అమ్మా," అని ఇంగ్లీషులో మొదలుపెట్టింది. "ఎందుకంటే ఆమె పేరులోనే టీ ఉంది. టీ-చర్." నేను నవ్వాను. "క్లాసులో అందరూ నవ్వారా" అని అడిగాను. "నో, దే గ్రోన్డ్," అంది. మూలిగారట. నా ఒంట్లో రక్తం ఉడికిపోయింది. నా బిడ్డ జోకు చెప్తే క్లాసంతా మూలుగుతుందా, సోమవారం పొద్దున్నే వచ్చి మీ ప్రిన్సిపాల్‌తో మాట్లాడతాను, ఇలాంటివి మొదట్లోనే తుంచేయాలి అని నేను స్టీరింగ్ కొడుతూ అరుస్తుంటే, పిల్ల వెనక సీట్లోంచి నన్ను జాలిగా చూసింది. అద్దంలో కనపడుతూనే ఉంది. "అమ్మా, గ్రోన్ ఈజ్ ది బెస్ట్," అంది. ఊరికే నవ్వితే మర్యాదకి నవ్వినట్టట. పన్, అంటే మాట విరిచి వేసిన జోకు, మరీ బాగుంటే తట్టుకోలేక మూలుగుతారట. టెరిబుల్ అంటారట, వస్తువులు విసురుతారట, ఎంత గట్టిగా మూలిగితే అంత గొప్పట. "ఎవ్రీబడీ నోస్ దట్," అంది. నా ఎగ్జిట్ దాటిపోయింది. ఆ తర్వాతది కూడా దాటిపోయింది.

ఇంటికొచ్చి కోటు కూడా విప్పకుండా తెనాలక్కకి ఫోన్ చేశాను. పండగలకి మెసేజీలు పెట్టుకోవడమే తప్ప మాట్లాడుకుని చాలా కాలమైంది. ఏమైందే, అందరూ బాగున్నారా అని కంగారుపడింది. "అక్కా, ఆ రోజు హాల్లో మూలిగారు చూడు," అన్నాను. "ఇప్పుడదెందుకే," అంది. "అది మెచ్చుకోవడమట." నేను పిల్ల చెప్పిందంతా చెప్పాను. బాబాయి కళ్లనీళ్లు నవ్వి నవ్వి వచ్చినవై ఉంటాయని చెప్పాను. ఆయన వేలు చూపించి అన్న మాట కూడా వన్స్ మోర్ లాంటిదే అయ్యుంటుందని చెప్పాను. "నాలుగో తరగతి పిల్లకి తెలిసింది, ఇద్దరం పీజీలు చేసి మనకి తెలీలేదా," అని నవ్వబోయింది, కుదరలేదు. "ఇప్పుడెందుకు చెప్పావే కరీంనగరూ," అంది. "బాగా పాడలేదు, అందుకని మానేశాను అనుకుంటూ బతికేశాను. అది తేలికే. బాగా పాడి మానేశానంటే, దీన్ని నేనిప్పుడెక్కడ పెట్టుకోను." మళ్లీ తనే అంది. "నాన్న పోయేదాకా అడుగుతూనే ఉండేవాడు. శ్రుతి తప్పావా అమ్మా అని. లేదు నాన్నా అనేదాన్ని. సర్లే అనేవాడు. నమ్మాడో లేదో."

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. అటువైపు ఆవిడా అంతే. మా పిల్ల ఇద్దరు పెద్దవాళ్లు ఒక జోకు గురించి ఇలా ఏడవడం ఎప్పుడూ చూడలేదు కాబట్టి, టిష్యూల డబ్బా తెచ్చి నా పక్కన పెట్టి అక్కడే కూర్చుంది. కాసేపటికి అక్క ముక్కు చీదుకుని, "ఎంతసేపు మూలిగారంటావే? నేను పెట్టెకి కొంగు కప్పుకోవడంలో ఉన్నాను, సరిగ్గా వినలేదు," అంది. "నువ్వు రాగం తీసినంతసేపూ అక్కా. నువ్వు ఆపేసినా ఆపలేదు." "అంతసేపా," అంది. తర్వాత ఫోన్ ఎక్కడో పెట్టిన చప్పుడు, క్లోజెట్ తలుపు, హ్యాంగర్లు ఒకదానికొకటి తగిలిన చప్పుడు. వింటర్ కోట్ల కింద నుంచి లాగుతోందని అర్థమైంది. "ఇక్కడి హీటింగ్‌కి చెక్క నెర్రెలిచ్చిపోయింది," అని దూరం నుంచి వినిపించింది. "తిత్తి చీలింది. మెట్లు ఒక్కటీ పలకట్లేదు." అయినా వదల్లేదు, తిత్తి తెరిచి గట్టిగా నొక్కినట్టుంది. ఫోన్లోంచి పొడుగ్గా, బొంగురుగా "హూఁ..." అని వచ్చింది. మా పిల్ల కళ్లు పెద్దవి చేసి, "ఈజ్ షీ గ్రోనింగ్?" అని అడిగింది. అక్కకి వినపడింది. "నేను కాదే తల్లీ, మా నాన్న పెట్టె," అంది. మళ్లీ నొక్కింది. మళ్లీ అదే మూలుగు. ఆ తర్వాత చాలాసేపు మేం ముగ్గురం అది వింటూ కూర్చున్నాం.

గడ్డం బాబాయి ఎక్కడున్నాడో తెలీదు. ఎక్కడో ఒక సభలో, తెనాలి అనే గ్రహం నుంచి ఇద్దరు ఒక్కసారి వచ్చి అందర్నీ మూలిగించి మాయమైపోయారని చెప్పుకుంటున్నాడేమో, మూడో కన్ను ఆవిడ ఆ పుస్తకం కోసం ఇంకా వెతుకుతోందేమో. నాకు మాత్రం ఆ బస్సే కళ్లముందు ఉంటుంది. పట్టుచీరల మీద జాకెట్లు వేసుకుని, ఒళ్లో పెట్టె, జడల్లో ప్లాస్టిక్ మల్లెపూలతో కూర్చున్న ఇద్దరు. దిగండే, వెనక్కి పోండి, వాళ్లింకా మూలుగుతూనే ఉన్నారని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా తెనాలక్క ఏమో గానీ, పక్కనున్న కరీంనగర్ పిల్ల మాత్రం వినదు. టెరిబుల్ అంటే టెరిబులే అని, తన ఇంగ్లీషు స్కోరు ఎంతో చెప్పి మరీ వాదిస్తుంది.